నల్ల సీబాసు: వేటయు, వంటయు



చేప యే సముద్రమున పుట్టినను తుదకు వంటయింటికే వచ్చును గనుక, దాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట గృహిణికి తగని పని కాదు. అమెరికా తూర్పుతీరమున, న్యూజెర్సీ మొదలగు రాష్ట్రములందు కాపురముండు మన తెలుగు కుటుంబములలో కొందరు సెలవుదినములందు పడవ నద్దెకు గొని సముద్రపు వేటకు పోవుచుందురు. సాయంకాలమున వారు తెచ్చు సంచిలో తరచుగా గానవచ్చు చేపలలో నల్ల సీబాసు ఒకటి. వేట పురుషులది, పొలుసు స్త్రీలది యన్నట్లు ఆ సంచి మన చేతికి వచ్చును. కావున ఈ నెల దానిని గూర్చి ముచ్చటింతము.

ముందుగా పేరు విషయమున నొక హెచ్చరిక. మన గోదావరి, కృష్ణా తీరములందలి పండుగప్పను గూడ ఇంగ్లీషువారు సీబాసు అనియే పిలుతురు. అంగడిలో మిక్కిలి వెలకు అమ్మబడు చిలీ సీబాసు వేఱొక చేప. ఈ మూడును మూడు వేర్వేరు కుటుంబములకు చెందినవి. మనము చెప్పుకొను నల్ల సీబాసు మేయిన్ సింధుశాఖ మొదలుకొని ఫ్లోరిడా వఱకును, మెక్సికో సింధుశాఖ తూర్పుభాగమునను నివసించును. ఒడలు బొగ్గువన్నె, పొలుసుల నడుమ తెల్లని చుక్కలు వరుసలుగా నుండును. పీతలు, రొయ్యలు, చిన్నచేపలు దీని యాహారము. అందుచేతనే దీని మాంసము తెల్లగా, గట్టిగా, ఒకవిధమైన తీపితో నుండును.

దీని జీవితమున నొక వింత గలదు. ఈ చేపలలో పెక్కు ఆడువిగా పుట్టి, తరువాత, సాధారణముగా రెండేండ్లకును అయిదేండ్లకును నడుమ, మగవిగా మాఱును. గ్రుడ్లుపెట్టు కాలమున పెద్ద మగచేప తలవెనుక నీలివన్నె మూపురము లేచును. మన పండుగప్ప కథ దీనికి తలక్రిందులు: అది మొదట మగదై పిమ్మట ఆడుదగును. ఇది వినోదమునకు మాత్రమే చెప్పుట కాదు. పెద్దవానినే యేఱి పట్టినచో మగచేపలు తగ్గును. చిన్నవానిని చంపినచో తల్లులు తగ్గును. వేటకు కొలతలును, పరిమితులును ఏల యవసరమో దీనివలన తెలియగలదు.

నల్ల సీబాసు బయలు ఇసుకలో నుండక ఱాళ్లను, మునిగిన ఓడలను ఆశ్రయించుకొని యుండును. ఉత్తరమునందలి చేపలు వసంతమున తీరమునకు చేరి, చలికాలమున లోతునీటికి తరలిపోవును. వీనికొఱకు ప్రభుత్వములు సముద్రగర్భమున కృత్రిమమైన గుట్టలను గూడ నిర్మించినవి. 2001 మొదలుకొని డెలావేరు తీరమునకు దూరముగా న్యూయార్కు నగరపు పాత భూగర్భ రైలుపెట్టెలను 700లకు పైగా ముంచిరి. ఒకనాడు మనుష్యులు క్రిక్కిఱిసి కూర్చుండిన పెట్టెలలో నేడు చేపలు కాపురము చేయుచున్నవి!

వేటకు పోవు పడవలు రెండు విధములు. పార్టీ బోటులో ఎవరి రుసుము వారు చెల్లించి పదులకొలది జనులెక్కుదురు. చార్టర్ బోటును ఒక బృందమే మొత్తముగా కుదుర్చుకొనును; చిన్నవానిలో ఆఱుగురికి మించి ఎక్కింపరాదు. బడిపంతులు జీతముతో ఇల్లు నడపు నావంటివారికి మొదటిదే మేలు. గాలపుకఱ్ఱ, ఎర అచ్చటనే దొరకును. సముద్రపు త్రిప్పట యున్నవారు మందును వైద్యు నడిగి బయలుదేరుటకు ముందే పుచ్చుకొనవలెను. త్రిప్పట మొదలైన పిదప మందు అంతగా పనిచేయదు. ఉదయమున తేలికగా భుజించి, పడవలో చూపును దిగంతముపై నిలుపుట మంచిది.

గాలము వేయు తీరు కష్టమైనది కాదు. త్రాటి చివర సీసపుగుండు, దానిపై ఒకటికి మీద నొకటిగా రెండు గాలములు. ఎర స్క్విడ్ ముక్క గాని, ఆల్చిప్ప మాంసము గాని. గుండు అడుగంటినది చేతికి తెలియగానే వదులుగానున్న త్రాటిని చుట్టి బిగువు చేయవలెను. లేనియెడల గాలము ఓడశిథిలములలో తగులుకొనును. చేప చుఱుకుగా టకటక కొట్టును. అప్పుడు గట్టిగా గుంజక, కఱ్ఱను నెమ్మదిగా పైకెత్తి, విడువక చుట్టవలెను.

ఇక ముఖ్యమైన మాట. చట్టపు కొలతకు తక్కువైన చేపను విడువవలెనని యందఱు నెఱుగుదురు. ఆ కొలత రాష్ట్రమునకొక తీరు, ఏటేట మాఱుచుండును. న్యూజెర్సీలో 2024న అది 12½ అంగుళములు. కొలుచునప్పుడు తోకనుండి సాగిన సన్నని పోగును లెక్కింపరాదు. అయితే విడిచినంతమాత్రమున చేప బ్రదుకునా? లోతునుండి వేగముగా పైకి లాగబడిన చేపలో గాలితిత్తి ఉబ్బి, కడుపు నోటివెంట వెలికివచ్చును, కన్నులు పొడుచుకొనివచ్చును. అట్టిదానిని నీటిపై విసరినచో క్రిందికి దిగలేక తేలియాడుచు పక్షుల పాలగును. నేనెక్కిన యొక పడవలో ఇట్లే జరుగుచుండ, ప్రక్కనున్న పెద్దమనిషి యొకడు, “విడిచితిమి గదా, పుణ్యమే!” యని తృప్తిపడెను. నీటిపై కొట్టుకొనుచున్న ఆ చేపలను జూచిన నాకు ఆ మాట రుచింపలేదు.

దీనికి ఉపాయము గలదు. బరువు గట్టిన దించెడి సాధనముతో చేప దవడను పట్టి అడుగునకు దింపి విడిచినచో, నీటి యొత్తిడికి గాలి మరల సంకోచించి, అది ఈదుకొని పోవును. నోట వచ్చినది కడుపు. దానిని సూదితో పొడువరాదు. పడవ కుదుర్చుకొనునప్పుడే, “ఈ సాధనమున్నదా?” యని మనవారు సరంగు నడుగవలెను. చిన్నచేపలే వరుసగా పడుచున్నయెడల స్థలము మార్చుమని కోరుటయు తప్పు కాదు. మత్స్యోపాఖ్యానమున, పెద్దచేపల వాత పడకుండ కాపాడుమని వేడిన చిఱుచేపను మనువు నీటిలో విసరి చేతులు కడిగికొనలేదు. అది పెరుగువఱకు తగిన తావులకు చేర్చుచు వచ్చెను. విడుచుట వేఱు, కాచుట వేఱు.

నియమముల వలన ఫలము లేకపోలేదు. హాటెరాస్ అగ్రమునకు ఉత్తరమున ఒకప్పుడు తఱిగిపోయిన ఈ చేపలు మరల వృద్ధిపొందినవని 2009న ప్రకటించిరి. దక్షిణమున నట్లు గాదు. అచ్చటివి మితిమీఱి పట్టబడి క్షీణించినవని 2023 నాటి గణనలో తేలెను. ఒకే చేప, ఒకే మహాసముద్రము, రెండు గతులు.

కావున వేటకు పోవుటకు ముందే ఇంటిలో నిర్ణయము చేసికొనుడు: మనకు, పొరుగువారికి నెన్ని కావలెను? అన్ని దొరకగానే చాలించవలెను. చట్టము పెట్టిన పరిమితి మీఱరాని హద్దే గాని, చేరితీరవలసిన గమ్యము కాదు. చేపలను పట్టినవెంటనే మంచులో నుంచవలెను; ఎండలో బకెట్టునందు పడియుండిన చేపను ఏ మసాలాయు బాగుచేయలేదు. పడవలోని సహాయకుడు కొంత బహుమానమునకు చేపను కోసియిచ్చును. ముక్కలు మాత్రమే తీసి తలలను, నడిముళ్లను పాఱవేయుట వారి వాడుక. “అవియు మాకు కావలె”నని చెప్పవలెను. పులుసునకు సారము తలలోనే గలదు.

ఇంటిలో చేయునప్పుడు మొదట వీపుపై రెక్కలను కత్తెరతో తీసివేయుడు. వాని ముళ్లు సూదులవలె గ్రుచ్చుకొనును. పిదప తోకనుండి తలవైపునకు పొలుసు గీకి, మొప్పలును ప్రేగులును తీసి, ఉప్పు పసుపుతో కడుగవలెను. చేయి చాపిన మగవారుండిన ఈ పని వారికే యప్పగింపుడు. పట్టినవాడు తోముటలో లోపము లేదు.

పులుసు: ఒకటిన్నర పౌను ముక్కలకు నిమ్మకాయంత చింతపండు, రెండు ఉల్లిపాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు చాలును. నూనెలో ఆవాలు, మెంతులు, కరివేపాకు వేసి, ఉల్లి మగ్గిన పిదప పసుపు, కారము, ధనియాల పొడి, చింతపండు రసము, ఉప్పు చేర్చి చిక్కబడునంతవఱకు మరగింపవలెను. ముక్కలను కడపట వేయుడు. ఈ చేపకు క్రొవ్వు తక్కువ, ఎక్కువసేపుడికినచో పీచుబాఱును. ఎనిమిది, పది నిమిషములు చాలును. గరిటె పెట్టక గిన్నెను పట్టి త్రిప్పవలెను. పులుసు మఱునాటికి మఱింత రుచి.

ఆవిరి వంట: చీనావారు దీనిని తలతోగూడ నిండుచేపగా వండుదురు. ఒకటిన్నర పౌను చేపకు ఇరుప్రక్కల గాట్లు పెట్టి, అల్లపు తునకలు పఱచి, పది పండ్రెండు నిమిషములు ఆవిరిపై నుంచవలెను. దించి, ఉల్లికాడలు చల్లి, కాగిన నూనెను సోయా రసముతో పైన పోయుడు. కారమొల్లని పెద్దలకిది హితము. పిల్లలకు మాత్రము ముళ్లు తీసియే పెట్టవలెను.

గర్భిణులు చేప తినవచ్చునా యని పలువురడుగుదురు. పాదరసము తక్కువగానుండు ఉత్తమమైన చేపల పట్టికలో అమెరికా ప్రభుత్వ శాఖలు నల్ల సీబాసును చేర్చినవి. నాలుగేసి ఔన్సుల చొప్పున వారమునకు రెండు మూడు మార్లు తినవచ్చునని వారి సూచన. చిలీ సీబాసు ఆ వరుసలో లేదు; దానిని వారమునకొక మారే తినుమందురు. స్వయముగా పట్టిన చేపకు ఆ తీరపు ఆరోగ్యశాఖ హెచ్చరిక యేమైన నున్నదేమో చూచుకొనవలెను. పేరు చదివి వండుట గృహిణికి ఎంత యవసరమో దీనివలననే తెలియుచున్నది.

వచ్చువారము మీయింట పడవ ప్రయాణపు మాట వచ్చినయెడల, మంచుపెట్టెతోపాటు ఈ రెండు ప్రశ్నలను గూడ మీవారికిచ్చి పంపుడు: “ఎన్ని తెత్తురు? విడిచినవానిని ఎట్లు విడుతురు?”