చూచిరాత చదువు మనకొద్దు!

మా బడిలో అయిదో తరగతి పిల్ల ఒకతె ఉండేది. మాదిగపల్లె పిల్ల. దాని నోటుబుక్కు చూస్తే కళ్ళకద్దుకోవాలనిపించేది. ముత్యాల్లాంటి అక్షరాలు. ఎక్కడా కొట్టివేత లేదు. నేను ఆ బడికి బదిలీ మీద వచ్చిన కొత్తలో ఆ పుస్తకమే తెరిచి, ‘ఏదీ, నువ్వు రాసిందే చదువమ్మా’ అన్నాను. పిల్ల తల వంచుకుంది. మళ్ళా అడిగాను.

‘నాకు రాయడం వొచ్చు సార్, చదవడం రాదు’ అంది.

అయిదేళ్ళు ఆ పిల్ల బడికొచ్చింది. బోర్డు మీద ఉన్నది ఉన్నట్టు దించింది. వాకిట్లో ముగ్గేసినట్టు పుస్తకంలో అక్షరాలేసింది. తనిఖీకొచ్చిన ఆఫీసరు పుస్తకాలు చూసి ‘గుడ్’ అని సంతకం పెట్టి పోయాడు. చదివించి చూడాలని ఒక్కడికీ తోచలేదు. దీన్నే మన బళ్ళలో చూచిరాత అంటారు. మన పిల్లలకు ఇంతకాలం దొరికింది ఈ చదువే.

ఇదేంటండీ అని పక్క తరగతి పెద్దాయన్ని అడిగితే, ‘ఈ పల్లె పిల్లలకు చదువు అబ్బదండీ, ఇళ్ళల్లో ఆ వాతావరణం లేదు’ అన్నాడు.

అన్నలారా, అక్కలారా! ఈ ‘అబ్బదు’ అనే మాట సంగతి మనం తేల్చాలి. సినిమా పాట రెండుసార్లు వింటే అప్పజెప్పే పిల్లకు, అంగట్లో చిల్లర లెక్క తప్పకుండా తెచ్చే పిల్లకు, యాభై అక్షరాలు ఎందుకబ్బవు? ఏ కులం బిడ్డైనా తల్లి కడుపులో గుణింతం నేర్చుకుని పుట్టలేదు. కరణంగారి మనవడికి ఇంట్లో చదివి వినిపించేవాళ్ళున్నారు. మన బిడ్డకు లేరు. లేరు కాబట్టే బడి పెట్టారు! ఇంట్లో నేర్చుకొచ్చినవాడికి మార్కులేసి, నేర్చుకు రానివాడికి ‘మొద్దు’ అని పేరు పెట్టడానికి బడి ఎందుకు, అయ్యవారికి జీతమెందుకు?

1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లలకు బడి పెడితే, సావిత్రిబాయి మీద పేడ విసిరారు. చిన్ననాటి అంబేడ్కర్‌ను తరగతిలో గోనెపట్టా మీద వేరుగా కూర్చోబెట్టారు. అప్పుడు బడి గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు గడప దాటనిచ్చి అక్షరం దాటనివ్వడం లేదు. విద్యాహక్కు చట్టం 2010 నుంచి అమల్లో ఉంది. 2024 అసర్ సర్వే చూడండి. దేశంలో పల్లెటూళ్ళ సర్కారు బళ్ళలో అయిదో తరగతి పిల్లల్లో, రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు నూటికి 45 మందిలోపే. ఆ బళ్ళలో ఉన్నదెవరి పిల్లలో మీకు నేను చెప్పాలా?

ఇక నేర్పే తీరు చూడండి. గోడ మీద పటంలో ‘ఋ’ అంటే ఋషి, ‘ఐ’ అంటే ఐరావతం. మన పిల్ల ఋషిని చూసిందా, ఐరావతాన్ని మేపిందా? దానికి తెలిసిన తంగేడు లేదు, లంద లేదు, ఆరె లేదు. మన పిల్ల నోట్లో లేని ఖ, ఘ, ఛ, ఝ, ఠ, ఢలను మొదటి ఏడే నెత్తినెక్కించి, నోరు తిరగలేదని చెయ్యి చాపించి కొడతారు. ఈ ఒత్తక్షరాలు ఎక్కువగా వచ్చేది సంస్కృతం మాటల్లో. అవీ నేర్పాల్సిందే, కానీ తర్వాత.

నేను చేసిన పని చెబుతాను, పెద్ద విద్యేం కాదు. ప, ల, క, త. నాలుగే అక్షరాలు. వీటితో పలక, కల, కలప, తల, కత. వారం తిరక్కుండా అయిదు మాటలు! పలక చేతిలోనే ఉంది. దాని తాత వాయించిందీ పలకే. తర్వాత ఎవరి పేరు వాళ్ళకు, అమ్మ పేరు, నాన్న పేరు. మాట పిల్ల చెప్పాలి, అయ్యవారు రాయాలి, పిల్ల చదవాలి. ‘కత’ అని రాస్తే ఎర్రసిరాతో కొట్టేసి ‘కథ’ అని దిద్దేవాళ్ళున్నారు. ముందు కత చెప్పనివ్వండయ్యా, ఒత్తు రేపు పెట్టుకుందురు! గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం పోరాడాడు, సవర పిల్లలకు సవర భాషలోనే పుస్తకాలు రాశాడు. గౌరవిస్తాం. కానీ బడిలోకొచ్చిన వాడుక చదువుకున్న పెద్దకులాల వాడుకే. మన పల్లె వాడుక ఇంకా గడప బయటే ఉంది.

ఆ పిల్ల నాలుగు నెలల్లో చదివింది. మొదట చదివింది పాఠం కాదు, వాళ్ళమ్మ బ్యాంకు పాసుపుస్తకం. అందులో డబ్బులెన్ని పడ్డాయో, ఎన్ని తీశారో చదివి చెప్పింది. అంతకు ముందు ఆ పుస్తకం చదివి పెట్టింది ఊళ్ళో మధ్యవర్తి. ఎవరికి నష్టమో అర్థమైందా?

పోలీసు స్టేషనుకు పోతే, మనం చెప్పింది రాసి మనకు చదివి వినిపించాలి, నకలు ఉచితంగా ఇవ్వాలి. చట్టం అది. చదవలేనివాడు వాళ్ళు వినిపించిందే నమ్మి వేలిముద్ర వేస్తాడు. 1991 చుండూరు మారణకాండ కేసులో 2007లో ప్రత్యేక కోర్టు శిక్ష వేసినవాళ్ళను 2014లో హైకోర్టు నిర్దోషులని వదిలేసింది. మన నెత్తుటి తీర్పును మనమే చదువుకోలేకపోతే ఎవరు చదివిపెడతారు? నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు రాత్రిబడి వాచకంలో సారా మీద పాఠం చదివి, 1992లో సారా దుకాణం మూయించారు. మరుసటేడు రాష్ట్రమంతా సారా బందయింది. చదవడం వస్తే ఏమవుతుందో దొరలకు మనకంటే బాగా తెలుసు.

మనవాళ్ళకూ ఓ మాట. విగ్రహానికి చందా వేశాం, మంచిదే. ఆ విగ్రహం చేతిలో పుస్తకముంది. దాని కింద ఆడుకునే పిల్లల్లో ఎందరికి చదవడం వచ్చో ఎన్నడైనా చూశామా? రిజర్వేషన్‌తో ఉద్యోగాలొచ్చిన మనలాంటి అయ్యవార్లం మన పిల్లల్ని కాన్వెంటులో వేసి, పల్లె పిల్లలకు చూచిరాత పెట్టి కూర్చోలేదా? నేనూ కొన్నేళ్ళు ఆ పనే చేశాను. సిగ్గుతో ఒప్పుకుంటున్నాను.

ఇంగ్లీషు మీడియం వస్తే అన్నీ కుదురుతాయనేవాళ్ళున్నారు. ఇంగ్లీషు మనక్కావాలి. తమ పిల్లల్ని కాన్వెంటుకు పంపి మనకు తల్లిభాష గొప్ప చెప్పేవాళ్ళ మాట మనకక్కర్లేదు. కానీ చదవడం నేర్పకుండా మీడియం మారిస్తే తెలుగు చూచిరాత పోయి ఇంగ్లీషు చూచిరాత వస్తుంది, అంతే.

అందుకని ఇవాళ్టి నుంచే:

నెలకోసారి పల్లె నడుమ పిల్లల్ని కూర్చోబెట్టండి. పాఠ్యపుస్తకం వద్దు, అది బట్టీ వచ్చి ఉంటుంది. తెలియని కాగితం, ఈ పత్రికైనా సరే, చేతికిచ్చి చదివించండి. చదవలేకపోతే పిల్లను తిట్టకండి, బడికెళ్ళి అడగండి.

పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళుండాలని చట్టం చెబుతోంది. ఆ కుర్చీలు వదలకండి. ‘మా పిల్ల ఎప్పటికి చదువుతుంది?’ అని మీటింగులో అడిగి, జవాబు మినిట్సులో రాయించండి.

చదువుకున్న కుర్రాళ్ళు సాయంత్రం ఒక గంట పల్లెకివ్వండి. నాలుగక్షరాలతో మొదలుపెట్టండి.

మన పిల్లలకు చదువు అబ్బదన్న నోళ్ళు మన పిల్లల నోటితోనే మూయిద్దాం!

జై భీమ్!

– ఒక పల్లె అయ్యవారు