పొరుగు మార్కెట్‌కు అడ్డు తొలగించండి

జీఎస్టీ మండలి అధ్యక్షులైన కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

అనంతపురం జిల్లా శింగనమల వంటి కరువు మండలంలో వాన తప్పితే శనక్కాయ పంట పోతుంది. దాంతో చిక్కీ అమ్మే ఆన్‌లైన్ దుకాణమూ ఆగిపోతుంది. మళ్లీ మొదలుపెట్టేవారికి 2023 అక్టోబరు 1 నుంచి కొంత వెసులుబాటు ఉంది: చిన్న అమ్మకందారులు ఆన్‌లైన్ సంస్థల ద్వారా జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే అమ్ముకోవచ్చు, కానీ రాష్ట్రం లోపలే. శ్రీకాకుళానికి పంపవచ్చు, అంతకంటే ఎంతో దగ్గరున్న బెంగళూరుకు కూడదు. అటు అమ్మాలంటే రిజిస్ట్రేషన్ కావాలి, అమ్మకం లేని కాలానికీ రిటర్నులు వేయాలి, ఆరు నెలలు వేయకపోతే అదీ రద్దు కావచ్చు.

పన్ను ఎగవేత పెరుగుతుందన్న అనుమానం సహజమే. అయితే ఈ అమ్మకాల లెక్కను ఆన్‌లైన్ సంస్థలే తమ జీఎస్టీఆర్-8 రిటర్నులో చూపాలి. ఏడాది అమ్మకాలు రిజిస్ట్రేషన్‌కు ఉన్న 40 లక్షల రూపాయల పరిమితి దాటితే దాగదు. అందుకే ఆ పరిమితి లోపువారికి పొరుగు రాష్ట్రాల అమ్మకాలనూ అనుమతించాలని కోరుతున్నాను.

ఇట్లు,
శింగనమల వాసి