కేటాయింపు సరే, చేతికొచ్చింది ఎంత?



గౌలిపురలో నలుగురం ఒకే గదిలో ఉంటున్నం. అందరం ఏజెన్సీ నుంచి వచ్చినోళ్లమే. మొన్న రాత్రి బడ్జెట్ గురించి మాట్లాడుకుంటుంటే మా తమ్ముడొకడు అడిగిండు: “అన్నా, మన పేరు మీద గిన్ని వేల కోట్లు పెడితే, నా సర్టిఫికెట్లు ఇంకా కాలేజీలనే ఎందుకున్నయ్?”

వాడి డిగ్రీ అయిపోయింది. సర్కారు కట్టాల్సిన ఫీజు రాలేదని కాలేజీ వాళ్లు కాగితాలు ఇస్తలేరు. ఉద్యోగానికి పోతే ఒరిజినల్ అడుగుతరు. ఇది వాడొక్కడి గోస కాదు. బకాయిలు ఇయ్యాలని 2025లో ప్రైవేటు కాలేజీలే బంద్‌కు దిగినయ్.

ఇప్పుడు అంకెలు చూద్దాం. 2025 మార్చి 19న ఉప ముఖ్యమంత్రి భట్టి విక్రమార్క గారు పెట్టిన 2025–26 బడ్జెట్ 3,04,965 కోట్లు. అందులో ఎస్టీ సంక్షేమానికి చూపింది 17,169 కోట్లు. ఐదున్నర శాతం కంటే కొంచెం ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో మనం తొమ్మిది శాతం దాటినం. ఈ తేడాకు ఒక కారణం చట్టంలోనే ఉంది. 2017 ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం మన వాటాను మొత్తం బడ్జెట్ మీద లెక్కగట్టదు, ప్రగతి పద్దు మీదనే లెక్కగడుతుంది. జీతాలు, పింఛన్లు, వడ్డీలు ఉండే నిర్వహణ పద్దు అందులోకి రాదు.

నిజం చెప్పాలంటే నా కొట్లాట ఈ శాతం మీద కాదు. ఆ 17,169 కోట్లైనా పూర్తిగా విడుదలైతే సగం బాధ తీరుతది. కేటాయింపు అంటే పుస్తకంలో రాసుకున్న మాట. డబ్బు రావాలంటే ఆర్థిక శాఖ విడుదల చెయ్యాలె, బిల్లు ట్రెజరీ దాటాలె. ఆగేది అక్కడ. ఖర్చు కాని సొమ్మును మరుసటి ఏడాదికి కలపాలని అదే చట్టం చెప్తుంది. ఎంత మిగిలింది, ఎంత కలిపిండ్రు అన్నది ఊరి మనిషికి అర్థమయ్యేటట్టు ఎవరు చెప్తున్నరు?

మా అమ్మ ఆశా వర్కర్. 2024లో నెలకు 9,750 రూపాయల పారితోషికం ఉండె. దాన్ని జీతం అనరు, అందుకే 18,000 ఫిక్స్‌డ్ వేతనం అడుగుతున్నరు. 2024 డిసెంబరులో కోఠి ధర్నాకు వచ్చినప్పుడు మా గదిలనే ఉన్నది. కోఠి ఇక్కడికి దగ్గరే. తెల్లారి బస్సెక్కుతూ, ఊళ్లో ఒక బాలింత ఉంది, చూడాలె అన్నది. వాగు పొంగితే అంబులెన్స్ రాదు గని, అమ్మ పోతది. వైద్యానికి 12,393 కోట్లు అని బడ్జెట్‌లో చదివినప్పుడు నాకు ఆమె చెప్పులే యాదికొస్తయ్.

ఆశ్రమ పాఠశాలల కాంట్రాక్టు టీచర్లది కూడా ఇదే కథ. ఏజెన్సీలో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసింది. అప్పటిసంది మన చదువుకున్న పిల్లలకు ఆ తోవ మూసుకుపోయింది.

ఉద్యోగం లేకపోతే సొంతంగ ఏదన్నా పెట్టుకోమంటరు. మంచిదే. మా గదిల ఇంకో అన్న మొబైల్ రిపేర్ నేర్చిండు, శాలిబండ దిక్కు చిన్న డబ్బా పెట్టుకోవాలని ఆశ. రాజీవ్ యువ వికాసం కింద 50,000 యూనిట్‌కు పూర్తి సబ్సిడీ, నాలుగు లక్షల దాకా 70 శాతం అన్నరు. 2025 జూన్ 2న మంజూరు పత్రాలు ఇస్తమని చెప్పి వాయిదా వేసిండ్రు. ఇంకో చిక్కు ఉన్నది. ఈయన కుల పత్రం, రేషన్ కార్డు ఊళ్లో, బతుకు ఇక్కడ. ఐటీడీఏలు ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలంలో ఉన్నయ్. హైదరాబాద్‌కు వచ్చిన ఆదివాసీ ఎవరి దగ్గరికి పోవాలె? అడవి దాటితే మనం ఆదివాసీలం కాకుండా పోతమా?

అందుకే ఈసారి మన సంఘాలు “నిధులు పెంచాలి” అనే వినతిపత్రంతో ఆగొద్దు. మన ఎమ్మెల్యేలు సభలో లేచి మూడు అంకెలు అడగాలె: పోయిన ఏడాది ఎస్టీ నిధిలో విడుదలైంది ఎంత, ఖర్చైంది ఎంత, మిగిలింది ఈ ఏడాదికి ఎంత కలిపిండ్రు? మండలాల వారీగా, తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద రాయాలె. హైదరాబాద్‌లో ఉన్నోళ్ల కోసం ఇక్కడనే ఒక కౌంటర్ పెట్టాలె. ఫీజు బకాయి సర్కారుది, కాబట్టి కాగితాలు ఆపొద్దని కాలేజీలకు గట్టిగ చెప్పాలె.

తమ్ముడు రేపు మళ్లీ కాలేజీకి పోతున్నడు. ఈసారి నేను కూడా పోతున్న.