దారి తప్పినదా, అక్కడిదేనా?

నా పూర్వవిద్యార్థి ఒకడు మొన్న అరకు దారిలోని అనంతగిరి నుండి ఫోను చేసి, "మాస్టారూ, నీలగిరి లాఫింగ్ థ్రష్ ఇక్కడ కనబడిందండీ!" అన్నాడు. ఫొటో లేదు. నమ్మలేనన్నాను. "రెక్కలున్న ప్రాణి కదండీ, రాకూడదా?" అని చిన్నబుచ్చుకున్నాడు.

రెక్కలుండడం వేరు, సంచారం స్వభావం కావడం వేరు. కాశ్మీర్ ఫ్లైక్యాచరును చూడండి. పిచ్చుక కన్నా చిన్నది. వేసవిలో వాయవ్య హిమాలయాలలో గూడు కట్టుకొని, శీతకాలానికి పడమటి కనుమలకూ, సింహళపు కొండలకూ చేరుతుంది. అంత దూరం పోయే పిట్ట దారి తప్పి మన పెరట్లో దిగినా నేను ఆశ్చర్యపోను. నీలగిరి పిట్ట అలాంటిది కాదు. వేయి మీటర్లకు పైనున్న చలి అడవులే దానికి లోకం. ఆ కొండలకు దక్షిణాన ఉన్న పాలక్కాడు కనుమ వెడల్పు 30, 40 కిలోమీటర్లు మాత్రమే. బస్సులో గంట ప్రయాణం. అయినా కనుమకు ఇవతల ఉన్న లాఫింగ్ థ్రష్ వేరు, అవతల పళని కొండలలో ఉన్నది వేరు. వీటికి 2017లో మాంటెసింక్లా అనే కొత్త ప్రజాతినే ఏర్పరచారు. ఆ కనుమనే దాటనిది అనంతగిరికి వస్తుందా?

ఇంతవరకు నా వాదం గట్టిదే. అయితే ఆ మన్యమే పండితులకు ఒకసారి పాఠం చెప్పింది. ఆబట్స్ బాబ్లర్ అనే గోధుమరంగు పిట్ట నివాసం తూర్పు హిమాలయ పాదాల నుండి ఆగ్నేయాసియా దాకా. అది విశాఖ మన్యంలో కనబడింది. దారి తప్పి వచ్చినది కాదు, అక్కడ కాపురమున్నదే! 1985లో రిప్లీ, బీలర్ దానిని ప్రత్యేక ఉపజాతిగా వర్ణించి, విశాఖ పక్షిశాస్త్రజ్ఞులు కృష్ణరాజు గారి పేర 'కృష్ణరాజుయి' అని నామకరణం చేశారు. ఎవరో ఒకరు 'ఇక్కడ ఉండదు' అని కొట్టిపారేసి ఉంటే? (నావంటి వాడే అయి ఉండును.)

నన్ను బాధించేది మరొక మాట. అడవి పోతోందని ఎవరైనా వాపోతే, "పిట్టలకేమండీ, ఇంకో కొండకు ఎగిరిపోతాయి" అనే పెద్దమనుషులు మనలో ఉన్నారు. కాశ్మీరు పిట్ట పోతుందేమో. నీలగిరి పిట్ట పోదు. దానికి ఇంకో కొండ లేదు.

మా వాడికి తిరిగి ఫోను చేసి, నమ్మలేనన్నందుకు నొచ్చుకోవద్దనీ, చూసిన చోటు, వేళ, పిట్ట కంటి దగ్గరి చార రాసిపెట్టమనీ చెప్పాను. వచ్చే ఆదివారం మళ్ళీ వెళ్ళి, ఈసారి దాని కూత రికార్డు చేసి పంపుతానన్నాడు.