నాగలి మానినంత మాత్రాన సరిపోదు

కృష్ణా పశ్చిమ డెల్టాలో వరి కోతలు పూర్తి కావస్తే చాలు, రచ్చబండల దగ్గర ఒకే చర్చ. మాగాణిని దున్ని మొక్కజొన్న వేయాలా, లేక దున్నకుండానే వరి మోళ్ళ మధ్య గింజ పెట్టాలా అని. తెనాలి, దుగ్గిరాల, కొల్లిపర ప్రాంతాల రైతులు రెండో పద్ధతిని చాలా ఏళ్ళుగా అనుసరిస్తున్నారు. అయితే ఈ చర్చ ట్రాక్టరు కిరాయి ఎంత మిగిలిందన్న దగ్గరే ఆగిపోతున్నది. ఆగవలసిన చోటు అది కాదు.

నిజానికి దున్నకుండా విత్తడం మనకు ఎవరో వచ్చి నేర్పిన విద్య కాదు. కోతకు రెండు మూడు రోజుల ముందు నిలువు వరిలో మినుము, పెసర, జనుము చల్లడం డెల్టా రైతుకు తాతల నాటి అలవాటు. మినుముకు పల్లాకు తెగులు, బంగారు తీగ పట్టుకున్నాయి. కాలువ నీరు ఆలస్యంగా వచ్చి కోతలు వెనక్కు జరిగాయి. అందువల్లనే మొక్కజొన్న ఆ చోటు ఆక్రమించింది.

దమ్ము చేసిన నల్లరేగడి స్వభావం రైతుకు చెప్పనక్కరలేదు. పచ్చిగా ఉండగా దున్నితే పెడ్డలు లేస్తాయి. పదునుకు వచ్చేదాకా ఆగితే పదిహేను ఇరవై రోజులు పోతాయి, ఉన్న తేమ కూడా పోతుంది. ఆ తరువాత పెడ్డలు నలగ్గొట్టడానికి రోటవేటరు, బోదెలు తోలడానికి మరో ఖర్చు. దున్నని చేలో అయితే వరి వదిలిపోయిన తేమతోనే గింజ మొలుస్తుంది. వరుసల మధ్య 60, మొక్కల మధ్య 20 సెంటీమీటర్లు పెడితే ఎకరానికి సుమారు 33 వేల మొక్కలు, 8 కిలోల విత్తనం. జనవరి మొదటి పక్షం దాకా విత్తుకోవచ్చు. కోత ఆలస్యమైన రైతుకు ఈ వెసులుబాటు చిన్నది కాదు. ఈ నేలల్లో, ఈ కాలంలో, దున్నకపోవడమే మేలని మా అభిప్రాయం.

కాని నాగలి చేసే పని ఎవరో ఒకరు చేయాలి కదా! మోళ్ళు తిరిగి చిగురించకుండా, కలుపు లేవకుండా చూసేది ఇక్కడ మందు. ఈ పద్ధతి పారాక్వాట్, అట్రజిన్‌లను నమ్ముకొని వ్యాపించింది. పారాక్వాట్ కడుపులోకి పోతే విరుగుడు లేదు. కేరళ ప్రభుత్వం 2011లోనే దానిని నిషేధించింది. మన పల్లెల్లో మందు కొట్టేవాడికి ముక్కుకు గుడ్డ ఉండదు, చేతికి తొడుగు ఉండదు. గింజ పెట్టే ఆడ కూలీలు వట్టి కాళ్ళతో దిగేదీ ఆ మడిలోకే. మందు కొట్టిన రోజున కూలీలను దించరాదు. దున్నడం మాని మిగిల్చిన డబ్బులో కొంత తొడుగులకు, బూట్లకు ఖర్చు పెట్టడం దండగ అనుకోరాదు. అట్రజిన్ గురించి మరొక మాట. మొక్కజొన్న మొలక దెబ్బతిన్నదని అదే చేలో వెంటనే మినుము చల్లితే అది కూడా దక్కదు. ఆ మందు అపరాలకు పడదు.

ఎరువు సంగతి కూడా మారుతుంది. దుక్కిలో కలపడానికి దుక్కే లేదు. గట్టినేల మీద యూరియా విసిరిపోతే చాలా భాగం వృథా. మొక్క పక్కన గుంత తీసి వేయాలి. కూలి ఎక్కువవుతుందంటారు, అవుతుంది.

అన్నింటికన్నా ముఖ్యం నీరు. మినుము మంచుతోనూ నేల తేమతోనూ గట్టెక్కే పంట. మొక్కజొన్నకు అయిదారు తడులు కావాలి. పూతకు వచ్చాక, గింజ పాలు పోసుకొనేటప్పుడు తడి తప్పితే దిగుబడి పోతుంది, కాండం కుళ్ళు తోడవుతుంది. బోరు గల ఆసామికి ఈ బెంగ లేదు. కాలువ చివరి భూముల్లో మురుగు కాలువకు ఇంజను పెట్టి తోడుకొనే కౌలుదారు పరిస్థితి వేరు. దుక్కి ఖర్చు తగ్గిందని తెలియగానే రెండో పంట కౌలు పెంచితే మిగులు భూస్వామి చేతికి పోతుంది. డీజిలు, మందు, అప్పు మాత్రం కౌలుదారు నెత్తిన ఉంటాయి. నీటి హామీ లేని కౌలుదారు పల్లాకును తట్టుకొనే మినుము రకం చల్లుకోవడమే క్షేమం.

డెల్టాలో బాగుందని మెట్టకు కూడా ఇదే చెప్పడం తెలివితక్కువ. పల్నాడు మెట్టల్లో వేసవి దుక్కి తొలకరి వానను నేలలోకి ఇంకిస్తుంది, పురుగుల కోశాలను ఎండకు, పక్షులకు అప్పగిస్తుంది. 2018లో మన దేశంలో అడుగుపెట్టిన కత్తెర పురుగు కోశదశ గడిపేది కూడా మట్టిలోనే. ఏటేటా దున్నకుండా మొక్కజొన్నే వేసే డెల్టా రైతు సైతం ఈ సంగతి గమనించి, వరి కోత తరువాత మధ్యమధ్య అపరాలకు మారడం అవసరం.

దుక్కి లేకుండా విత్తే గొర్రు ట్రాక్టరుకు తగిలించే పరికరం. తడి ఎక్కువైన నేలలో అది చీల్చిన సాలు మూసుకోదు, గింజలు పక్షుల పాలవుతాయి. నేల పదును చూడకుండా పరికరం అంటగడితే అది కొట్టంలో తుప్పు పడుతుంది. వ్యవసాయ శాఖ ప్రదర్శన క్షేత్రాలను రోడ్డు పక్క పెద్ద రైతుల పొలాల్లో కాకుండా కాలువ చివరి గ్రామాల్లో, కౌలుదారుల చేలల్లో పెట్టాలి. ఒకే మడిలో సగం దున్ని, సగం దున్నకుండా వేయించి, డీజిలు, మందు, కౌలుతో సహా లెక్క కట్టి గ్రామసభలో చదవాలి. కోతలు మొదలయ్యేలోగా ఆ పొలాల ఎంపిక జరగాలి.