ఈ నీళ్లు తాగొచ్చా?

మా టీమ్‌లో ఒక జర్మన్ కొలీగ్ ఉన్నాడు. మూడు వారాల పని మీద బెంగళూరు ఆఫీసుకొచ్చి, 'మీ ఊరు చూస్తా' అని పట్టుబట్టాడు. 'మా తుమ్మలపల్లెలో చూడ్డానికేముంది, ఎండ తప్ప?' అన్నా వినలేదు. మే నెలలో ఒక శుక్రవారం రాత్రి బస్సెక్కి, కదిరి మీదుగా తెల్లారేసరికి పులివెందులలో దిగాం.

అక్కడి నుంచి దారి తనే కనుక్కుంటానన్నాడు. నేను వెనకాల నడవాలంతే. బస్టాండ్‌లోనే చిక్కుపడ్డాడు. ఆర్టీసీ బోర్డులు తెలుగులో ఉన్నాయి. ఫోన్ కెమెరా పెట్టి చదివేలోపు బస్సు వెళ్లిపోయింది. చివరికి ఫోన్ జేబులో పెట్టి, ఓ పెద్దాయన్ని 'వేముల?' అని అడిగాడు. ఆయన చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి షేర్ ఆటోలో కూర్చోబెట్టాడు. ఆటోలో ఇంటర్వ్యూ మొదలైంది. 'యాడ నుంచి వచ్చినావు నాయనా? పెండ్లయిందా? జీతమెంత?' అరటి తోటలు దాటేలోపు మనోడి జాతకమంతా వాళ్లకు తెలిసిపోయింది.

రెండో చిక్కు డబ్బులు. ఊళ్లో సోడా కొట్టుకు కూడా క్యూఆర్ కోడ్ ఉంది. కానీ మన బ్యాంకు ఖాతా లేనివాళ్లకు మామూలు యూపీఐ పనిచేయదు. విదేశీ పర్యాటకుల కోసం 'యూపీఐ వన్ వరల్డ్' అనే వాలెట్ ఉంది. మనోడు అది తీసుకోలేదు. 500 నోటిస్తే అంగడామె చిల్లర లేదని, 'రేపియ్యిలే పో' అంది. పేరు కూడా అడక్కుండా అప్పిచ్చిందని రోజంతా ఆశ్చర్యపోయాడు.

మీరూ ఎప్పుడైనా విదేశీ ఫ్రెండ్‌ని ఇంటికి తీసుకెళ్తే ఒకటి గుర్తుంచుకోండి. హోటలైనా, ఇల్లైనా, వాళ్లు దిగిన 24 గంటల్లోపు ఆతిథ్యమిచ్చేవాళ్లు ఆన్‌లైన్‌లో వాళ్ల వివరాలు నింపాలి. నేను అమ్మ పెట్టిన ఉగ్గాని తింటూ నింపేశా.

రాత్రి సంగటి, నాటుకోడి పులుసు. కారానికి కళ్లల్లో నీళ్లొచ్చి, గ్లాసు చేతిలోకి తీసుకుని ఆగాడు. 'ఈ నీళ్లు తాగొచ్చా?' అన్నాడు. మన దేశానికొచ్చే ప్రతి ఫారినరూ అడిగే ప్రశ్నే కదా అని నవ్వేశా. 'క్యాన్ నీళ్లే, తాగు' అన్నా.

'మీకు బోరు లేదా? నీళ్లు కొంటారెందుకు?'

అమ్మకు తెలుగులో చెప్పా. 'బోరుండాది. తాగేదానికి నమ్మలేం నాయనా' అంది అమ్మ.

దాన్ని ఇంగ్లీషులో చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. మా ఊరి పేరు బయట తెలిసిందే యురేనియం గని వల్ల. గని వ్యర్థాలు నిల్వచేసే చెరువు చుట్టుపక్కల ఊళ్ల రైతులు తమ బోరు నీళ్లు పాడయ్యాయని ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. దానికి కారణం మేం కాదని గని సంస్థ అంటోంది. ఇదంతా విని మనోడు ఒక్కటే అడిగాడు: 'మరి మీ బోరు నీళ్లు టెస్ట్ చేయించావా?'

లేదు. ఆఫీసులో సర్వర్ రెండు నిమిషాలు ఆగితే అర్ధరాత్రి లేచి లాగ్స్ చూసే నేను, మా అమ్మ ఇరవై ఏళ్లు తాగిన నీళ్ల గురించి ఎప్పుడూ పట్టించుకోలేదు. క్యాన్ కొంటున్నాం కదా అని వదిలేశా. పాత్రలు తోమేది, బర్రెలు తాగేది ఇప్పటికీ ఆ బోరు నీళ్లే.

1820లో కడపకు ఉద్యోగానికొచ్చిన సి.పి. బ్రౌన్ గుర్తొచ్చాడు. పండితులు పెద్దగా పట్టించుకోని వేమన పద్యాలను వెతికించి, 1829లో అచ్చేయించింది ఆ బయటి మనిషే. మనోడు అంత పని చేయలేదు. నీళ్ల గురించి అడిగాడంతే.

ఇంట్లో ఉన్న టీడీఎస్ మీటర్ తీశా. అది నీళ్లలో కరిగిన లవణాల మొత్తం చెబుతుంది గానీ, యురేనియం ఉందో లేదో చెప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పరిమితి లీటరుకు 30 మైక్రోగ్రాములు. అది తేల్చాలంటే ల్యాబ్‌కే పంపాలి.

ఆదివారం పొద్దున మనోడు ముందు అంగడామె బాకీ తీర్చొచ్చాడు. తర్వాత ఇద్దరం బోరు దగ్గర రెండు సీసాలు నింపి, తేదీ, టైము రాసి అంటించాం. అవి ల్యాబ్‌కు వెళ్లాయి. రిపోర్టు ఇంకా రాలేదు. అమ్మ రోజూ ఫోన్‌లో అడుగుతోంది.