గ్రంథముల సంఖ్యయే శ్రద్ధయా?

“డంజన్స్ అండ్ డ్రాగన్స్” అను ఆటకు బల్లయు, పాచికలును, నలుగురు స్నేహితులును చాలును. ఒకరు కథ నడుపుదురు. తక్కినవారు అందలి వీరులై సాహసములు చేయుదురు. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు కల్పించిన యీ యాట 1974లో అమెరికాలో వెలువడెను. నేటి ప్రకాశకులగు విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వారు తమ ముఖ్యమైన యీ యాటనే ఉపేక్షించుచున్నారని కొందరందురు. 2014లో అయిదవ కూర్పును, 2024లో సవరించిన నియమగ్రంథములును వచ్చెను గదా, ఉపేక్ష యెక్కడిదని మరికొందరందురు.

గ్రంథముల సంఖ్య శ్రద్ధకు కొలత కాదని మా యభిప్రాయము. తొలి ప్రకాశకులగు టి.ఎస్.ఆర్. వారు 1990ల దశాబ్దమున విస్తారముగ గ్రంథములు ముద్రించియు ఋణభారమున క్రుంగి, 1997లో విజర్డ్స్ వారి పాలయిరి. ఈ విజర్డ్స్ వారే, 2000లో ఇతర రచయితలకు తామొసగిన స్వేచ్ఛానుమతిని 2023 జనవరిలో బిగింపబూనిరి. ఆటగాండ్రు గట్టిగ నెదిరింపగా, నెల ముగియకమునుపే వెనుదీసి, మూలనియమములను సర్వజనోపయోగమునకు విడిచిరి. ఆ డిసెంబరులోనే వారి యజమానులగు హాస్బ్రో వారు సుమారు 1,100 ఉద్యోగములు తీసివేయుదుమని ప్రకటించిరి; ఈ యాటను తీర్చిదిద్దువారును కొందరందు పనులు కోల్పోయిరి.

ఆటను వ్రాయువారిని, ఆడువారిని లెక్కసేయకుండుటయే నిజమైన ఉపేక్ష. ప్రకాశకులు ఆ జనవరి పాఠమును మరువకుందురేని ఆటకు భయము లేదు. మరచిరేని ఎన్ని గ్రంథములచ్చువేసినను ఫలము లేదు.